మేకు లేదు... జిగురు లేదు... అయినా వందేళ్ళు!

పచ్చి చెట్టును చీల్చి, చేతి కత్తితో చెక్కి, ఒక్క మేకు కూడా కొట్టకుండా బిగించిన కుర్చీ వందేళ్ళు దాటినా కదలదు. అమెరికా అడవుల్లోకి వలస వెళ్ళిన కుటుంబాలు ఇలాంటి సామానుతోనే సంసారాలు ఈదాయి. వాళ్ళ దగ్గర డబ్బు లేదు, ఇనుము లేదు, ఎండిన కలప లేదు. చెట్టు స్వభావం మాత్రం బాగా తెలుసు. చేజారిపోబోయి మళ్ళీ చేతికి చిక్కిన ఆ విద్య కథే ఇది.

1645లో వర్జీనియా వలస ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఉన్నచోటు వదిలి మరోచోటికి తరలిపోయేవాళ్ళు తమ పాత ఇంటిని తగలబెట్టకూడదన్నది దాని సారాంశం. సొంత ఇంటిని ఎవరైనా ఎందుకు తగలబెట్టుకుంటారు? మేకుల కోసం! కమ్మరి ఒక్కొక్కటిగా కొలిమిలో కాల్చి, సాగగొట్టి చేసే మేకు ఆ రోజుల్లో అంత విలువైనది. అందుకే ఇల్లు కాల్చి, బూడిదలోంచి మేకులు ఏరుకుని, మూటగట్టుకుని కొత్త చోటికి వెళ్ళేవారు. ఇంటిని కాల్చకుండా వదిలేస్తే అందులో ఎన్ని మేకులుంటాయో లెక్కగట్టి అన్ని ఇస్తామని ప్రభుత్వం హామీ ఇవ్వాల్సి వచ్చింది.

మేకుకే అంత కరువున్న చోట కుర్చీ, మంచం, బల్ల ఎలా చేసుకోవాలి? ఆ ప్రశ్నకు అడవి అంచున బతికిన మనుషులు చెప్పిన జవాబు చూస్తే ఇప్పటి ఇంజినీర్లు కూడా ముచ్చటపడతారు. మేకు దొరకలేదని వాళ్ళు నాసిరకం సామానుతో సరిపెట్టుకోలేదు. మేకు అవసరమే లేని కుర్చీని తయారుచేశారు.

గొడ్డలితో మొదలైన సంసారం

1775లో డేనియల్ బూన్ బృందం అపలాచియన్ కొండల్లోని కంబర్లాండ్ కనుమ గుండా కెంటకీకి దారి వేసింది. ఆ దారి వెంట వేల కుటుంబాలు పడమటికి కదిలాయి. తర్వాతి తరాలవాళ్ళు మరింత ముందుకు వెళ్ళారు. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చాక, అయిదేళ్ళు కాపురముండి సాగుచేసుకుంటే 160 ఎకరాలు సొంతమవుతాయన్న ఆశతో లక్షలమంది మైదానాల బాట పట్టారు. బండిలో చోటు తక్కువ. ముందు పిండి, విత్తనాలు, వంటపాత్రలు, పనిముట్లు ఎక్కించాలి. ఒరెగాన్ వెళ్ళే రెండువేల మైళ్ళ దారిలో ఎద్దులు అలసిపోతే ముందుగా కిందికి దిగిపోయేది బరువైన బీరువాలూ బల్లలే.

అందుకే బల్లను కాకుండా, బల్లను చేయగల పనిముట్లను మోసుకెళ్ళేవారు. ఒక గొడ్డలి, ఒక బాడిస, బరమా, చెక్కను చీల్చే ఫ్రో, రెండు పిడుల కత్తి ఉంటే చాలు. ఇనుప భాగాలే పెట్టెలో పెట్టుకునేవారు. పిడుల కోసం బరువు మోయడం దండగ, వాటిని అడవే ఇస్తుంది.

అబ్రహాం లింకన్ తండ్రి థామస్ లింకన్ వడ్రంగి. మూలకు అమరేలా ఆయన చేసినవని చెప్పే అల్మారాలు ఇప్పటికీ ఉన్నాయి. 1816 చలికాలంలో ఆ కుటుంబం కెంటకీ నుంచి ఇండియానా అడవికి చేరినప్పుడు ముందు వేసుకున్నది మూడువైపులే గోడలున్న పాక. ఆ తర్వాత దుంగల ఇల్లు, మూడుకాళ్ళ పీటలు, గోడకు ఆనించి కట్టిన మంచం. పిల్లలు అటక మీదికి ఎక్కడానికి గోడకు దిగ్గొట్టిన కొయ్య చీలలే మెట్లు. 1818లో తల్లి నాన్సీ చనిపోయింది. శవపేటికను థామసే చేశాడు. దాని చీలలు చెక్కి ఇచ్చింది తొమ్మిదేళ్ళ అబ్రహామేనని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. మరుసటి ఏడాది సవతితల్లి సారా వాల్‌నట్ చెక్క సొరుగుల బల్లతో సహా బండెడు సామానుతో వచ్చింది. దాన్ని ఆ ఇంట్లో అందరూ వింతగా చూశారట. లింకన్ 1860లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు అభిమానులు పెట్టుకున్న పేరు కూడా ‘కంచె కర్రలు చీల్చినవాడు’ అనే. చెట్టును చీల్చడం తెలిసినవాడంటే ఓటర్లకు తమవాడన్న నమ్మకం.

ఒక్క కాలి మంచం

తొలినాటి సామానులో ప్రతి రూపానికీ ఒక కారణం ఉంది. పీటకు మూడే కాళ్ళు ఎందుకు? మట్టినేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాలుగు కాళ్ళయితే ఒకటి గాల్లో లేస్తుంది. మూడు కాళ్ళు ఎక్కడ పెట్టినా నేలకు ఆనుతాయి. కూర్చునే బల్ల అంటే దుంగను నిలువునా రెండుగా చీల్చి, చదునైన ముఖాన్ని పైకి తిప్పి, గుండ్రటి వీపుకు బెజ్జాలు వేసి కాళ్ళు దిగ్గొట్టినదే. ఇంట్లో నేల మీద పరిచినవి కూడా ఇలా చీల్చిన దుంగలే.

ఇక మంచానికి కొన్ని ఇళ్ళలో ఒక్కటే కాలు. ఇంటి మూలన పెడతారు కాబట్టి రెండు గోడలే మిగతా మూడు కాళ్ళ పని చేస్తాయి. గోడల దుంగలకు బెజ్జాలు వేసి పట్టెల కొసలను అందులో దూర్చి, ఆ పట్టెలు కలిసేచోట ఒక్క కోడు నిలబెడితే మంచం సిద్ధం. పట్టెల మధ్య తాడు అల్లి, పైన గడ్డి నింపిన పరుపు వేసేవారు. తాడు వదులైతే కొయ్యతో చేసిన మెలితిప్పే పనిముట్టుతో బిగించేవారు. నులక మంచం నడుము జారినప్పుడు మన ఇళ్ళలో చేసిన పనీ ఇదే.

చెట్లు అరుదైన నెబ్రాస్కా, కాన్సస్ మైదానాల్లో మట్టిగడ్డలతో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఏటి ఒడ్డు విల్లో కొమ్మలతో, సరుకుల పెట్టెల చెక్కలతో సామాను చేసుకున్నారు. లారా ఇంగాల్స్ వైల్డర్ 1935లో రాసిన ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’లో నాన్న జ్వరం నుంచి కోలుకుంటూ అమ్మకోసం విల్లో కొమ్మలతో ఊగే కుర్చీ చేస్తాడు. పిల్లల పుస్తకమే అయినా ఆ కాలపు చేతిపనిని ఇంత ఓపిగ్గా వివరించిన రచనలు అరుదు.

కోయడం కాదు, చీల్చడం

ఈ విద్యకు పతాక అపలాచియన్ కొండల కుర్చీ. నాలుగు కోళ్ళు, వాటిని కలిపే అడ్డకమ్మీలు, వీపు వెనక నిచ్చెన మెట్లలా రెండుమూడు వంపు పలకలు, కూర్చోవడానికి బెరడు అల్లిక. చూడటానికి అంతే. చేయడంలోనే ఉంది గొప్పతనం.

పని చెట్టు ఎంపికతో మొదలవుతుంది. అడుగు నుంచి అడుగున్నర వ్యాసంలో, నిటారుగా పెరిగిన, ముడులు లేని ఓక్ కావాలి. బెరడు మీది గీతలు సూటిగా పైకి వెళ్తున్నాయా, మెలి తిరుగుతున్నాయా అని ముందు చూస్తారు. బయట బెరడు మెలితిరిగితే లోపల నారపోగులు కూడా మెలితిరిగినట్టే. అలాంటి చెట్టును ముట్టుకోరు.

కొట్టిన దుంగను రంపంతో నిలువునా కోయరు. కొసన ఇనుప వెడ్జ్ దిగ్గొట్టి రెండుగా చీలుస్తారు. ఆ రెండునీ నాలుగుగా, నాలుగునీ ఎనిమిదిగా. ప్రతిసారీ సగానికి సగమే. చీలికకు రెండువైపులా సమానమైన చెక్క ఉంటేనే అది దారి తప్పకుండా నడుమ గుండా పోతుంది. ముక్కలు సన్నబడ్డాక ఫ్రో చేతికొస్తుంది. ఎల్ ఆకారంలో ఉండే ఈ పనిముట్టు అలుగును చెక్క కొసన పెట్టి, కొయ్య దుడ్డుతో మోది, పిడిని పట్టుకుని తిప్పుతారు. అలుగుకు పెద్ద పదును అక్కర్లేదు. దాని పని కోయడం కాదు, పోగుల మధ్య దారి తెరవడం. చీలిక ఒకవైపు మళ్ళుతోందనుకోండి, మందంగా ఉన్న సగాన్ని కిందికి తిప్పి వంచుతూ నొక్కుతారు. చీలిక మళ్ళీ మందంవైపు జరిగి నడుమకు వస్తుంది. చెక్కను తన దారిలో పోనిస్తూనే పనివాడు తన దారికి తెచ్చుకోవడమంటే ఇదే.

చీల్చడానికి ఇంత శ్రమ ఎందుకు? రంపానికి పోగులతో పనిలేదు, తన గీత వెంట తాను పోతుంది. పోగు కాస్త పక్కకు వంగినచోటల్లా దాన్ని తెగ్గోస్తుంది. అలా తెగిన చోటే రేపు కమ్మీ విరుగుతుంది. చీల్చిన చెక్కలో పోగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటుంది. అందుకే అడ్డకమ్మీ కొస ముప్పాతిక అంగుళం కూడా లేకపోయినా మనిషి బరువు మోస్తుంది. ఈ కుర్చీలను ఒక్క చేత్తో ఎత్తి పక్కన పెట్టేంత తేలిగ్గా ఉంచగలిగింది అందుకే.

చీల్చిన ముక్కలకు రూపమిచ్చేది షేవింగ్ హార్స్. గుర్రం మీద కూర్చున్నట్టు బల్ల మీద కూర్చుని, కాలితో కిందిపలకను ముందుకు తోస్తే పైనున్న కొయ్యతల దిగి ముక్కను గట్టిగా పట్టుకుంటుంది. కాలు వదిలితే ముక్క వదులవుతుంది. రెండు చేతులతో కత్తి పిడులు పట్టుకుని తనవైపు లాగుతూ చెక్కుతారు. పచ్చి చెక్క మెత్తగా, పొడవాటి పొరలుగా లేచి వస్తుంది. ఇదే ఓక్ ఎండితే ఇనుములా గట్టిపడి కత్తికి లొంగదు. కలప ఆరేదాకా ఏళ్ళతరబడి ఆగే వీలులేని మనుషులకు పచ్చిదనమే కలిసొచ్చింది.

నీరే బిగించే బెజ్జం

వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుపోవడం, ఎండాకాలంలో వదులవడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. సాధారణంగా వడ్రంగికి తలనొప్పి అయిన ఈ స్వభావాన్ని కొండల కుర్చీ తన బలంగా మార్చుకుంది. ఎలాగో చూద్దాం.

అప్పుడే కొట్టిన ఓక్‌లో నీటి బరువు ఎండు చెక్క బరువులో 60 శాతం పైనే ఉంటుంది. ఆరేకొద్దీ ముందు పోగుల గొట్టాల్లోని నీరు పోతుంది. అప్పటిదాకా చెక్క కొలతలు మారవు. తేమ సుమారు 30 శాతానికి దిగాక పోగుల గోడల్లోని నీరు పోవడం మొదలై చెక్క కుంచించుకుపోతుంది. అదీ అన్నివైపులా ఒకేలా కాదు. తెల్ల ఓక్ పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేసరికి చెట్టు వయసు చెప్పే వలయాల వెంబడి 10.5 శాతం, వలయాలకు అడ్డంగా, అంటే నడుమ నుంచి బెరడువైపు 5.6 శాతం తగ్గుతుంది. పొడవులో తగ్గేది ఉందా లేదా అన్నంతే.

ఇప్పుడు కుర్చీకి వద్దాం. అడ్డకమ్మీలను చెక్కి పొయ్యి పక్కనో, పొగగొట్టం దగ్గర దూలాల మీదో పెట్టి బాగా ఎండబెడతారు. తేమ అయిదు శాతానికి దిగుతుంది. కోళ్ళను మాత్రం అంతగా ఆరనివ్వరు, 15 నుంచి 20 శాతం తేమ ఉండగానే బెజ్జాలు వేస్తారు. కోడు మందమే ఒకటిన్నర అంగుళం లోపు. అందులో అంగుళం లోతు బెజ్జం. ఎండిన కమ్మీ కొసను ఆ బెజ్జంలో దిగ్గొడతారు.

ఆ తర్వాతి పని గాలిది. బాగా ఎండిన కమ్మీ గాలిలోని, పక్కనున్న కోడులోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. పచ్చిగా ఉన్న కోడు ఆరుతూ కుంచించుకుపోయి కమ్మీ కొసను బిగించి పట్టుకుంటుంది. లోపలిది పెరుగుతుంది, బయటిది ముడుచుకుంటుంది. రెండూ కలిసి వేసే పట్టు మేకుకు రాదు. మేకు చుట్టూ చెక్క ఆడుతుంటే ఏళ్ళు గడిచేకొద్దీ బెజ్జం వదులవుతుంది. ఇక్కడ చెక్కను చెక్కే పట్టుకుంది కాబట్టి రెండూ కలిసే కదులుతాయి.

అక్కడితో ఆగలేదు వాళ్ళ నేర్పు. ముందువైపు, వెనకవైపు కమ్మీలను మొదట బిగిస్తారు. పక్కల కమ్మీలకు బెజ్జాలు వేసేటప్పుడు బరమా మొదటి కమ్మీ కొసను కాస్త ఒరుసుకుంటూ పోయేలా చూస్తారు. ఆ గాడిలోంచి రెండో కమ్మీ దిగగానే మొదటిది ఇక బయటికి రాలేదు, తాళం పడినట్టే. కమ్మీ అడుగుకు చేరిందీ లేనిదీ సుత్తి చప్పుడులో తెలుస్తుంది. బోలుగా వినిపించే మోత ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ ఆపాలి, ఇంకో దెబ్బ వేస్తే కోడు చీలుతుంది.

వీపు పలకలను మరుగునీళ్ళలోనో ఆవిరిలోనో మెత్తబరిచి, వంపు తిరిగేలా అచ్చులో బిగించి ఆరబెడతారు. వెనక కోళ్ళ మధ్య దూర్చాక పైపలకకు మాత్రం ఒక సన్నటి కొయ్య చీల కొడతారు. కుర్చీ మొత్తంలో చీల కనిపించేది సాధారణంగా అక్కడే.

పాత కుర్చీ ఒకటి దొరికితే దాని కోడును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి చూడాలి. గుండ్రంగా చేసిన కోడు ఇప్పుడు కోలగా తగులుతుంది. చెక్కినప్పుడు అది పచ్చిది, ఆరినప్పుడు ఒకవైపు ఎక్కువ కుంచించుకుంది. పచ్చి చెట్టుతో చేసిన కుర్చీకి అదే చేవ్రాలు.

బెరడుతో అల్లిక

కూర్చునే భాగం హికరీ చెట్టు లోపలి బెరడు. దానికి అదను ఉంది. వసంతం చివర, చెట్టులో రసం పొంగుతున్నప్పుడే బెరడు సులువుగా ఊడుతుంది. చెట్టును పడగొట్టి, పైనున్న గరుకు బెరడును రెండు పిడుల కత్తితో చెక్కేస్తారు. లోపలి నార మీద ముప్పాతిక అంగుళం ఎడంతో నిలువు గీతలు పెట్టి, ఒక కొస లేపి లాగితే చెట్టు పొడవునా పట్టీ వచ్చేస్తుంది. చుట్టలు చుట్టి ఆరబెట్టుకుంటే ఎప్పుడైనా వాడుకోవచ్చు. అల్లేముందు నీళ్ళలో నానబెడితే తోలులా వంగుతుంది. ఆరాక బిగుసుకుని, వాడేకొద్దీ నునుపుదేరుతుంది. ఇలా అల్లినది ఒక తరం కూర్చున్నా చెక్కుచెదరదు.

పేర్లున్న చేతులు, పేర్లు లేని చేతులు

ఈ కథను వలస రైతుల వీరగాథగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. వాళ్ళు కొట్టిన అడవి అంతకుముందు చెరోకీ, షానీ లాంటి జాతులది. 1830లో వచ్చిన చట్టంతో ఆదివాసులను మిసిసిపీకి పడమరగా తరిమేశారు. 1838లో ‘కన్నీటి దారి’గా పేరుపడ్డ ఆ బలవంతపు ప్రయాణంలో చెరోకీలు వేల ప్రాణాలు పోగొట్టుకున్నారు. నార్త్ కరోలినా కొండల్లో నిలదొక్కుకున్న చెరోకీ కుటుంబాలు నేటికీ తెల్ల ఓక్‌ను దబ్బలుగా చీల్చి బుట్టలు అల్లుతున్నాయి.

టెనెసీలో కుర్చీల పేరు చెబితే డిక్ పాయినర్‌ను తలుచుకోవాలి. 1802లో బానిసగా పుట్టాడు. తర్వాత స్వేచ్ఛ పొందాడు. విలియమ్సన్ కౌంటీలో ఆయన చేసిన నిచ్చెన వీపు కుర్చీలను ఇప్పుడు మ్యూజియాలు దాచుకుంటున్నాయి. ఎండిన కమ్మీలు, పచ్చి కోళ్ళు అన్న సూత్రమే ఆయన కుర్చీలను ఇంతకాలం నిలబెట్టింది. ఆయన పేరైనా మిగిలింది. అలాంటి చేతిపనిచేసిన ఎందరో బానిసల పేర్లు ఏ కాగితంలోనూ లేవు.

20వ శతాబ్దంలో తూర్పు కెంటకీకి చెందిన చెస్టర్ కార్నెట్ (1913-1981) ఈ విద్యను కళగా మార్చాడు. గొడ్డలితో, కత్తితో ఎనిమిది పలకల కోళ్ళు చెక్కి, చీలలతో బిగించి, హికరీ బెరడు అల్లేవాడు. జానపద పరిశోధకుడు మైఖేల్ ఓవెన్ జోన్స్ ఆయన పనిని ఏళ్ళతరబడి గమనించి 1975లో పుస్తకం రాశాడు. కార్నెట్ ఒక కుర్చీని చెట్టు నుంచి మొదలుపెట్టి పూర్తిచేయడాన్ని ‘హ్యాండ్ కార్వ్‌డ్’ అనే సినిమాగా తీసింది కెంటకీలోని ఆపల్‌షాప్ సంస్థ. అంత పేరొచ్చినా ఆయన జీవితం పేదరికంలోనే గడిచింది. చేతిపనిని మెచ్చుకున్నంత సులువుగా దానికి కూలి గిట్టించలేదు ఆ సమాజం.

సంపన్నుల మోజు

పేదవాడి అవసరం కొన్నాళ్ళకు ధనికుడి మోజయింది. రైళ్ళు వచ్చాక న్యూయార్క్ సంపన్నులు అడిరాండాక్ కొండల్లో విడిదులు కట్టుకున్నారు. 1877 ప్రాంతంలో విలియం వెస్ట్ డ్యురాంట్ మొదలుపెట్టిన క్యాంప్ పైన్ నాట్‌లో బెరడు ఊడదీయని దుంగలు, వంకర కొమ్మలతో చేసిన సామానే అలంకారం. 1904లో తెరిచిన యెల్లోస్టోన్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ హోటల్‌కు ఇండియానాలోని ఓల్డ్ హికరీ కంపెనీ కుర్చీలు వెళ్ళాయి. అడవి రూపం ఫ్యాషన్ అయింది, అడవిని చదివే నేర్పు మాత్రం కొండల్లోని ముసలివాళ్ళతో పాటే తరిగిపోసాగింది. కర్మాగారపు కుర్చీ చవగ్గా దొరుకుతుంటే చెట్టెక్కడ, చీలికెక్కడ?

పిల్లలు నిలబెట్టిన విద్య

1966లో జార్జియా రాష్ట్రం రాబన్ కౌంటీలో హైస్కూలు పిల్లలు ‘ఫాక్స్‌ఫైర్’ అనే పత్రిక మొదలుపెట్టారు. టేప్‌రికార్డర్లు, కెమెరాలు పట్టుకుని తమ తాతల, అవ్వల దగ్గరికి వెళ్ళారు. దుంగల ఇల్లు ఎలా కట్టేవారు, పెంకుల బదులు చెక్కలు ఎలా చీల్చేవారు, బుట్ట ఎలా అల్లేవారని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి, కొలతలతో బొమ్మలు గీశారు. 1972లో వచ్చిన మొదటి ‘ఫాక్స్‌ఫైర్’ పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడైంది. బడి పిల్లల పని ఒక దేశానికి తన చేతులను గుర్తుచేసింది.

1978లో బాల్టిమోర్ న్యాయవాది జెన్నీ అలెగ్జాండర్ రాసిన ‘మేక్ ఎ చెయిర్ ఫ్రమ్ ఎ ట్రీ’ వచ్చింది. కొండల వాళ్ళు చేతి అలవాటుగా చేసినదాన్ని ఆమె తేమ శాతాలతో, వలయాల దిశతో వివరించారు. అదే ఏడాది డ్రూ లాంగ్స్‌నర్, లూయీజ్ దంపతులు నార్త్ కరోలినా కొండల్లో కంట్రీ వర్క్‌షాప్స్ పేరుతో శిక్షణ మొదలుపెట్టారు. 2017 దాకా అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఎంతోమంది తర్వాత గురువులయ్యారు. 1979లో రాయ్ అండర్‌హిల్ టీవీలో ‘ది వుడ్‌రైట్స్ షాప్’ మొదలుపెట్టి, కరెంటు యంత్రం ముట్టకుండా ముప్పై ఏళ్ళకు పైగా జనానికి వడ్రంగం చూపించాడు. అలెగ్జాండర్ 2018లో కన్నుమూశారు. ఆమె పుస్తకం 2021లో కొత్త కూర్పుగా వచ్చి మరో తరం చేతుల్లో ఉంది.

ఇప్పుడు కొత్త గండం ఈ విద్యకు ఆధారమైన చెట్లకే వచ్చింది. ఒకప్పుడు కంచెలకు, ఇళ్ళకు సులువుగా చీలే అమెరికన్ చెస్ట్‌నట్‌ను 1904లో న్యూయార్క్‌లో బయటపడిన బూజు తెగులు యాభై ఏళ్ళలో దాదాపు తుడిచిపెట్టింది. పోయిన చెట్ల లెక్క వందల కోట్లలో ఉంటుంది. 2002లో మిషిగన్‌లో కనిపించిన పచ్చ పురుగు యాష్ చెట్లను అదే దారి పట్టిస్తోంది. చెట్టు పోతే దానికి తగ్గ పనిముట్టు, పనితనం, దాని చుట్టూ అల్లుకున్న మాట అన్నీ పోతాయి. అందుకే ఈ విద్య నేర్చినవాళ్ళు అడవి గురించి అంత గట్టిగా మాట్లాడతారు. ఒక్క చెట్టు నుంచి ఎన్ని కుర్చీలు వస్తాయో చేతితో తెలిసినవాడు చెట్టును వృథా చేయలేడు.

చూడాలన్నా... చేయాలన్నా...

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది దూరం కాదు. అట్లాంటా నుంచి సుమారు రెండు గంటల ప్రయాణంలో మౌంటెన్ సిటీలో ఫాక్స్‌ఫైర్ మ్యూజియం ఉంది. టెనెసీ నారిస్ పట్టణం దగ్గర 1969లో మొదలైన మ్యూజియం ఆఫ్ అపలాచియాలో దుంగల ఇళ్ళు, వాటిలోని సామాను చూడొచ్చు. నార్త్ కరోలినా బ్రాస్‌టౌన్‌లో 1925 నుంచి నడుస్తున్న జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్లో చేతిపనులు నేర్పుతారు. కెంటకీలోని బెరియా కాలేజీలో విద్యార్థులు చదువుతోపాటే వడ్రంగం చేయడం 19వ శతాబ్దం చివరి నుంచీ ఉంది.

చేయాలనుకునేవాళ్ళు కుర్చీతో మొదలుపెట్టకూడదు, మూడుకాళ్ళ పీటతో మొదలుపెట్టాలి. మందపాటి చీలిక పలక ఒకటి, బాగా ఎండిన కాళ్ళు మూడు. కాళ్ళు కింద బయటికి వాలేలా బెజ్జాలు ఏటవాలుగా వేయాలి. కాలి పైకొసకు గాటుపెట్టి, పలక పైనుంచి కనిపించేలా దూర్చి, ఆ గాటులో ఆరిన చెక్కముక్కను బిగించి కొట్టాలి. ఆ ముక్క పలక పోగులకు అడ్డంగా ఉండాలి. పోగుల వెంట కొడితే పలకే చీలుతుంది. కాళ్ళు ఎండినవీ, పలక కాస్త పచ్చిదీ కావడం తప్పనిసరి. కుర్చీలోని శాస్త్రమంతా ఈ పీటలో ఉంది.

మన దగ్గర చేసేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అన్ని చెట్లూ ఓక్‌లా చీలవు. వేపలో పోగులు ఒకదానికొకటి మెలికపడి ఉంటాయి కాబట్టి చీలిక దారి తప్పుతుంది. ఇక చాలా చెట్లను కొట్టాలంటే తెలుగు రాష్ట్రాల్లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాల్సిందే. గాలివానకు పడిన చెట్టుతో, కొట్టేసిన కొమ్మలతో మొదలుపెట్టడం మంచిది.

మన ఊళ్ళలో నాగలికి, బండిచక్రానికి ఏ తుమ్మ పనికొస్తుందో, ఏ మొద్దులో చేవ ఉందో చూడగానే చెప్పగల వడ్రంగులు ఇంకా ఉన్నారు. చక్రం చుట్టూ ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా వేసి నీళ్ళు చల్లితే అది ముడుచుకుని ఆకులను, పూటీలను బిగించి పట్టుకునేది. ముడుచుకోవడాన్ని బలంగా మార్చుకునే ఆలోచన వాళ్ళకూ తెలుసు. ట్రాక్టర్లు వచ్చి బండ్లు పోయాక ఆ విద్యను అడిగేవాళ్ళు లేరు. రాబన్ కౌంటీ పిల్లలు చేసిన పని మన జిల్లాపరిషత్ హైస్కూలు పిల్లలు చేయలేనిది కాదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది, అందులో కెమెరా ఉంది. ఊరి వడ్రంగి తాత దగ్గర కూర్చుని పనిముట్ల పేర్లు, కొలతలు, ఏ పనికి ఏ చెట్టు, ఏ అదనులో కొట్టాలి అన్నది ఆయన మాటల్లోనే రికార్డు చేసుకోవాలి. పనిచేస్తుంటే చేతులను వీడియో తీయాలి. ఒక్కో బడి ఒక్కో ఊరి పనితనాన్ని రాసిపెట్టినా తెలుగు నేల వడ్రంగానికి మనదైన ఫాక్స్‌ఫైర్ తయారవుతుంది. అడిగితే చెప్పడానికి ఆ తాతలు సిద్ధంగా ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే అడగడం మొదలుపెట్టాలి.